టెంటు కింద డెమో క్లాసు

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైన నాటి నుంచి కోరుట్ల బస్టాండు ఎదుటి రోడ్డే నాకు ఆఫీసు. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి, బడులకు తాళాలు పడ్డాయి. రోడ్డు పక్కన వేసిన టెంటు కింద రోజుకొక సంఘం రిలే దీక్షకు కూర్చునేది. ఒకరోజు వకీళ్లు, ఒకరోజు మంగలి సంఘం, ఇంకోరోజు బీడీలు చేసే ఆడవాళ్లు. ఎవరు కూర్చున్నారో, ఏం మాట్లాడారో, సాయంత్రం ఎవరు నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశారో రాసి పంపడం నా పని. జగిత్యాలలో చాలాకాలం విలేకరిగా చేసి అప్పటికి కొద్ది నెలల కిందటే కోరుట్లకు మారాను. చిన్న ఊళ్లో విలేకరికి ఒక సౌకర్యం ఉంటుంది. రాసింది ఎలా ఉందో తెలుసుకోవడానికి ఉత్తరాల కోసం చూడనక్కర్లేదు. చదివినవాళ్లు ఇంటికే వస్తారు.

ఒకనాడు పొద్దున్నే నలుగురైదుగురు అలాగే వచ్చారు. ర్యాలీ ఏ దారిన పోవాలన్న విషయంలో టెంటు నడిపే కమిటీ ముందురోజు రెండు మాటలు మాట్లాడింది. నేను భిన్నాభిప్రాయాలు అని రాశాను. హెడ్డింగులో అంత పొడుగు మాట పట్టక కరీంనగర్ డెస్కులో విభేదాలు అని మార్చారు. మేము ఎప్పుడు కొట్లాడుకున్నామో చెప్పమని, వచ్చిన కమిటీవాళ్లు నిలదీశారు. వాళ్లు అడగడంలో న్యాయముంది. భిన్నాభిప్రాయం ఉన్నవాళ్లు ఒకే బల్ల దగ్గర చాయ్ తాగుతారు. విభేదాలు వచ్చినవాళ్లు హోటల్ మారుస్తారు. మరునాడు సవరణ వేయిస్తానని చెప్పి పంపేశాను. లోపలికి రాగానే నా భార్య, "నీ డెస్కోళ్లకు దండం పెట్టాలె. నా డెమోకు పాఠం దొరికింది" అంది.

డెమో అంటే ప్రైవేటు బడుల్లో ఉద్యోగం ఇచ్చేముందు చెప్పించుకునే నమూనా పాఠం. నా భార్యది సిరిసిల్ల, మరమగ్గాల చప్పుడులో పెరిగిన మనిషి. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసింది. జగిత్యాలలో ఉన్నన్నాళ్లూ ఆమెకు చిన్నపిల్లల క్లాసులే ఇచ్చారు. పదో తరగతి ఇంగ్లీషు కేరళ నుంచి వచ్చినవాళ్లకో, హైదరాబాద్ కాన్వెంటులో చదివినవాళ్లకో పోయేది. కోరుట్లలో మా వీధి చివరి బడిలో పదో తరగతికి చెప్పే కేరళ టీచరు, సమ్మెలో బడి మూతపడగానే ఊరికి పోయి, ఇక రానని ఫోన్ చేసింది. ఆ చోటు కావాలని నా భార్య పట్టుబట్టింది. ఈసారి కూడా చిన్న క్లాసులే ఇస్తే ఇక బడి మొహం చూడనంది. ఆమె అన్నదంటే చేస్తుందని నాకు తెలుసు.

బడి నడిపే కరెస్పాండెంటు గారు టెంటుకు రోజూ వచ్చేవారు. బడికి తాళం ఉంది కాబట్టి డెమో ఎక్కడన్న ప్రశ్నకు ఆయనే దారి చూపారు. గురువారం ప్రైవేటు టీచర్ల వంతు. నిరసనగా రోడ్డు మీద పాఠాలు చెబుతారు, పదో తరగతి పిల్లలూ వస్తారు, మేడం అక్కడే చెప్పవచ్చన్నారు.

ఆ రోజు టెంటు నిండింది. పిల్లలు జంపఖానా మీద కూర్చున్నారు. వెనక కుర్చీల్లో పెద్దలు, వాళ్ల వెనక చాయ్ గ్లాసులు పట్టుకుని దారిన పోయేవాళ్లు. బ్లాక్ బోర్డును కుర్చీకి ఆనించి పెట్టారు. నేను ఎప్పటిలాగే పక్కన నిలబడ్డాను.

ఆమె తేడా చెప్పే ఇంగ్లీషు మాటలు ఎత్తుకుంది. డిఫరెంట్ అని రాసి, ఇది అన్ని తాళాలకూ పట్టే చెవి, అందుకే అందరూ దీన్నే వాడి మిగతావి మరిచిపోతారంది. తర్వాత ఒక్కో మాటకు టెంటులోనే చోటు వెతికింది. నిన్న వకీళ్లు, ఇయ్యాల టీచర్లు, రేపు ఇంకొకరు, ఇన్ని రకాలవాళ్లు ఒక్కచోట చేరితే డైవర్స్ అనాలి. కరెంటు ఒకరోజు పొద్దున పోతుంది, ఒకరోజు మాపున పోతుంది. ఒకే సంగతి పూటకో తీరుగా మారితే వేరీ అనాలి. ఇంత లొల్లిలో కూడా మసీదు నుంచి అజాన్ విడిగా, స్పష్టంగా వినిపిస్తే డిస్టింక్ట్ అనాలి. ఎదుటివాడి మాట ఒప్పుకోకపోయినా మర్యాద పోగొట్టుకోవద్దంటే ఐ డిఫర్ అని ఊరుకోవాలి. అప్పుడు కమిటీవాళ్లు నా వైపు చూసి నవ్వారు. చిన్న సంగతికి పెద్ద మాట పెడితే జనం ఇంటిమీదికి వస్తారని ఆమె పిల్లలకు చెప్పింది. ఈసారి అందరూ నవ్వారు.

ముందు వరుసలో రిటైరైన పెద్దసారు ఒకాయన ఉండేవారు. టెంటులో రోజూ చివరి ఉపన్యాసం ఆయనదే. ఆయన లేచి, "బిడ్డా, అసలు మాటే మరిచినవు. సెపరేట్ రాయి. గదే కదా మనం అడుగుతున్నది" అన్నారు.

చప్పట్లు మోగాయి. ఆమె చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరిగి, మళ్లీ ఇటు తిరిగింది. రాస్తే ఏ గొడవా లేదు. కరెస్పాండెంటు గారు కూడా చప్పట్లు కొడుతున్నారు.

"గీ వరుసల రాయను, పెద్దసారూ. అది వేరే మాట" అంది.

వెనక నుంచి ఎవరో, "ఏంది, మేడం సమైక్యవాదా?" అన్నారు. కొందరు ఇకిలించారు.

ఆమె గొంతు పెంచలేదు. "మా సిరిసిల్లల ఒక్క షెడ్డుల నాలుగు సాంచాలుంటయి. నాలుగూ ఒక్క తీరు గుడ్డనే నేస్తయి. అవి డిఫరెంట్ కావు. కని దేని మోటరు దానిదే, ఒకటి ఆగితే ఇంకోటి ఆగది. అంటే సెపరేట్. ఒకటేమో రూపు ఎట్లుందో చెప్పే మాట. ఇంకోటి కలిసున్నదా, విడిగున్నదా చెప్పే మాట."

"మరి మనం ఎందుకు వేరే పోతున్నం?" అని అదే గొంతు అడిగింది.

"అన్నదమ్ములు వేరువడేది ముక్కుమొహాలు వేరే ఉన్నయనా అన్నా? వాటా సక్కగ రాలేదని పడుతరు. దానికి ఇంగ్లీషుల వేరే మాటుంది." అని డిస్పారిటీ అని పెద్ద అక్షరాలతో రాసింది. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ దక్కే తేడాకే ఆ మాట వాడాలని చెప్పి, నీళ్ల మీద ఒక వాక్యం, కొలువుల మీద ఒక వాక్యం పిల్లల చేత చెప్పించింది.

పెద్దసారు బోర్డు మీది మాటను పైకి చదివారు. "నేను నెల సంది మైకుల మొత్తుకుంటున్నది గిదే. నాకు ఒక్క మాటల చెప్పరాలే" అని కూర్చున్నారు. ఆ సాయంత్రం ఆయన ఉపన్యాసంలో డిస్పారిటీ చాలాసార్లు వచ్చింది.

క్లాసు అయ్యాక కరెస్పాండెంటు గారు మమ్మల్ని పక్కకు పిలిచారు. పాఠం బాగుందన్నారు. అయితే పలకడంలో సిరిసిల్ల వినిపిస్తోందని, తల్లిదండ్రులు ఫీజు కట్టేది ఇంగ్లీషు కోసమని, కేరళలో ఇంకొకరితో మాట్లాడుతున్నామని నసిగారు. మేడంకు ఆరో తరగతి దాకా ఇవ్వగలమన్నారు.

నేను ఏదో అనబోయాను. నా భార్య చేయి అడ్డం పెట్టింది.

"సార్, నా ఇంగ్లీషు తప్పా, డిఫరెంటా? తప్పయితే ఎక్కడో చెప్పుండ్రి, దిద్దుకుంట. డిఫరెంట్ అయితే, కేరళ మేడంది గూడ డిఫరెంటే కదా. ఆమెకు పదో తరగతి ఇచ్చిండ్రు."

ఆయన తప్పు వెతుక్కున్నారు. బోర్డు వైపు కూడా చూశారు. దొరకలేదు. పొద్దంతా టెంటులో కూర్చుని మనవాళ్లకు అన్యాయం జరిగిందని మాట్లాడిన మనిషి, చేతి గడియారం చూసుకున్నారు. ఆలోచిస్తానన్నారు.

"ఆలోచించుండ్రి సార్. ఆరో తరగతికి మాత్రం రాను" అని ఆమె చీర కొంగుతో చేతికంటిన సుద్ద తుడుచుకుంది.

నాకు ఆ రాత్రి కొంచెం బెంగగానే ఉంది. ఆమెకు లేదు. చెప్పాల్సింది చెప్పానని పడుకుంది. సమ్మె ఆగి బడులు తెరిచే ముందురోజు కరెస్పాండెంటు గారే ఇంటికి వచ్చి, పదో తరగతి టైంటేబుల్ ఆమె చేతికిచ్చారు. ఎందుకు మనసు మార్చుకున్నారో చెప్పలేదు, మేమూ అడగలేదు.

మొదటి వారం ఆయన రోజూ వెనక బెంచీలో కూర్చుని పాఠం విన్నారు. రెండో వారం నుంచి ఆయన రావడం మానేశారు, ఆ బెంచీలో కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు కూర్చున్నారు.