ఒకే మాత్ర, రెండు జబ్బులు

మా థర్మల్ స్టేషన్‌లో ఏటా ఉద్యోగులందరికీ రక్తపరీక్షలు చేస్తారు. ఆ ఏడు నా రిపోర్టు చూసిన డిస్పెన్సరీ డాక్టరు లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నారు. తెల్లకణాలు ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నాయి.

"ఈమధ్య ఎడమ డొక్కలో బరువుగా ఉంటోందా?" అని అడిగారు.

ఉంటోంది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. యాభై దాటాక ఆకలి తగ్గడం మామూలేనని సరిపెట్టుకున్నాను. అది ఆకలి తగ్గడం కాదని, ప్లీహం వాచి కడుపులో చోటు ఆక్రమించిందని ఆయన చెప్పారు. విజయవాడలో క్యాన్సర్ ఆసుపత్రికి చీటీ రాసిచ్చారు.

నేనూ, నా భార్యా కొండపల్లి నుంచి విజయవాడకు బస్సులో బయల్దేరాం. గొల్లపూడి దాటాక ఆవిడ నా చేతిలోని ఫైలు తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

అక్కడ మమ్మల్ని చూసిన డాక్టరమ్మకు నలభై ఏళ్ళు కూడా ఉండవు. పరీక్షలన్నీ అయ్యాక, నాకొచ్చింది ఒకరకం రక్త క్యాన్సరని, నెమ్మదిగా నడిచే రకమని, దీనికి రోజుకో మాత్ర చాలని చెప్పింది. "కడుపునిండా తిని, పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకోండి. మానకూడదు. మూడు నెలలకోసారి రక్తంలో ఈ జబ్బు తెచ్చే చెడ్డ ప్రోటీన్ జాడ ఎంత ఉందో చూద్దాం."

"మాత్రతో క్యాన్సర్ తగ్గుతుందా అమ్మా?" అంది నా భార్య. ఆవిడకు క్యాన్సరంటే జుట్టు ఊడిపోవడం, వాంతులు, సెలైన్ సీసాలు.

"దీనికి తగ్గుతుందండీ. అందరికీ ఇంత సులువు కాదు."

నమ్మకం లేకుండానే మొదలుపెట్టాను. కొన్ని వారాలకే తెల్లకణాలు దారికొచ్చాయి. అన్నం సయించసాగింది. డ్యూటీలో చేరాను. నాది కంట్రోల్ రూమ్ ఉద్యోగం. రోజంతా బాయిలరు ఒత్తిడి, నీటిమట్టం చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు నా ఒంట్లో అంకెలు చూసే పని ఇంకొకరిదైంది.

టీచరుగారు పరిచయమైంది ఆ ఆసుపత్రి మందుల కౌంటరు దగ్గరే. గుణదలలో ఉంటారు. ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్తారు. ఆరోజు నా ముందు నిలబడి మందులు తీసుకుంటున్నారు. కౌంటరు అబ్బాయి ఆవిడ చేతిలో పెట్టిన డబ్బా సరిగ్గా నేను వాడే డబ్బాయే. అదే పేరు, అదే మోతాదు. నాలాంటి మనిషి ఇంకొకరు దొరికారని ఎంత సంతోషమేసిందో!

"మీదీ రక్తానికి సంబంధించిందేనా అమ్మా?" అని అడిగేశాను.

"కాదండీ, నాది పొట్టలో గడ్డ. ఆపరేషన్ చేశారు కానీ లివర్‌లో మళ్ళీ మచ్చలొచ్చాయి. అందుకు ఈ మాత్ర ఇచ్చారు."

సంచిలోంచి నా పాత డబ్బా తీసి పక్కన పెట్టాను. ఇద్దరం రెండింటి వంకా చూశాం. ఇద్దరికీ ఒకే అనుమానం వచ్చింది.

"పొరపాటున మీ మందు నాకిచ్చాడేమో అన్నయ్యగారూ," అన్నారావిడ.

"లేక మీది నాకేమో."

నా భార్య మాత్రం ఊరుకోలేదు. "ఇక్కడ నిలబడి అనుకుంటే ఏం తెలుస్తుంది? పదండి," అని ఇద్దరినీ మళ్ళీ డాక్టరమ్మ గదికి తీసుకెళ్ళింది. నర్సు అడ్డుపడితే, "మందు మారిపోయిందేమోనమ్మా, ఒక్క నిమిషం," అని లోపలికి నడిచింది.

డాక్టరమ్మ రెండు డబ్బాలూ చూసి నవ్వింది. ఏమీ మారలేదంది. అప్పటికి పేషెంట్లు పలచబడ్డారు కాబోలు, కూర్చోమని తీరిగ్గా చెప్పింది.

"మన కణాల్లో కైనేజులని కొన్ని ప్రోటీన్లుంటాయండీ. పెరగమని, ఆగమని కణానికి కబురందించడం వాటి పని. అన్నీ ఒకే కుటుంబం. ఎక్కడ పనిచేసినా రూపం దాదాపు ఒకటే. సర్‌గారి రక్తకణాల్లో వాటిలో ఒకటి ఆన్‌లో ఇరుక్కుపోయింది. పెరుగు, పెరుగు అని ఆపకుండా చెప్తూనే ఉంది. మేడంగారి పొట్టలో ఇరుక్కుపోయింది ఇంకొకటి, దాని చుట్టం. రెండింటికీ శక్తి అందే గుంట ఒకేలా ఉంటుంది. ఈ మందు వెళ్ళి ఆ గుంటలో కూర్చుంటుంది. దాంతో ఆ కబురు ఆగిపోతుంది."

నాకు చప్పున అర్థమైంది. స్విచ్ ఒకటి ఆన్‌లో అతుక్కుపోతే ట్యాంకు నిండినా పంపు తిరుగుతూనే ఉంటుంది. అలాంటివి ఎన్ని చూడలేదు! అయితే వెంటనే ఇంకో సందేహమొచ్చింది.

"మరి ఆ కుటుంబంలో బుద్ధిగా ఉన్నవాటి సంగతేంటండీ? వాటి గుంటల్లో కూడా ఈ మందు కూర్చుంటుంది కదా?"

"కొన్నింట్లో కూర్చుంటుంది," అందామె. "మీ కళ్ళ కింద వాపు చూశారా, కాళ్ళు పట్టేయడం, అవన్నీ అందుకే. మేడంగారి గడ్డలో చెడిన ప్రోటీనే చర్మానికి రంగునిచ్చే కణాల్లోనూ ఉంటుంది. అక్కడది మంచిదే. కానీ మందుకు ఆ తేడా తెలీదు. కొన్నాళ్ళకు మీ ఇద్దరి రంగూ తేలిపోవచ్చు. కంగారుపడకండి."

అలాగే జరిగింది. పుట్టినప్పటి నుంచి చామనఛాయకు ఓ మెట్టు కిందే ఉన్న నేను ఏడాది తిరిగేసరికి తెల్లబడ్డాను. క్వార్టర్స్‌లో పక్కింటావిడ, "అన్నయ్యగారు రిటైరయ్యేలోపు సినిమా హీరో అయిపోయేలా ఉన్నారు, ఏం క్రీమండీ?" అని నా భార్యనడిగింది. మా ఆవిడ ముఖం తిప్పుకుని, "బాదంపప్పు తింటున్నారండీ," అంది. ఇంట్లోకొచ్చి తలుపేసుకుని నవ్వింది, తర్వాత కొంచెం ఏడ్చింది.

టీచరుగారూ మేమూ ఒకే రోజున పరీక్షలకు వెళ్ళేలా కుదుర్చుకున్నాం. వాళ్ళాయన రైల్వేలో గార్డు. డ్యూటీ లేకపోతే ఆయనా వచ్చేవారు. అన్నయ్యగారు, వదినగారు అని పిలుస్తూ టీచరుగారు మాకు దగ్గరైపోయారు. ఒకసారి బందరు నుంచి వాళ్ళ చెల్లెలు పంపిన హల్వా తెచ్చిస్తే, అక్కడే బెంచీ మీద కూర్చుని నలుగురం తిన్నాం. ఆసుపత్రికి వెళ్ళే రోజంటే నాకు దిగులు తగ్గిపోయింది.

రెండో ఏడు చివర్లో అనుకుంటాను, టీచరుగారు డాక్టరమ్మ గదిలోంచి బయటికి వచ్చిన తీరు చూసి నా భార్య లేచి నిలబడింది. లివర్‌లో మచ్చలన్నీ ఎండిపోయినట్టే ఉన్నాయి, ఒక్కటి మాత్రం పెరిగింది. ఆ ఒక్కదాంట్లో ప్రోటీన్ మళ్ళీ మారింది. మందు కూర్చునే గుంట ఆకారం కొంచెం వంకరపోయింది. మాత్ర అక్కడ పట్టడం లేదు.

"వేరే మందిస్తానన్నారు. దీని బంధువేనట. ఇంకాస్త పెద్ద కుటుంబాన్ని ఆపుతుందట," అన్నారు టీచరుగారు. లెక్క చెప్తున్నంత మామూలుగా అన్నారు. తర్వాత నావైపు చూశారు. "మీ రిపోర్టేమొచ్చింది?"

నా రిపోర్టు అదే ఉదయం వచ్చింది. రక్తంలో ఆ ప్రోటీన్ జాడ దొరకనంతగా తగ్గిపోయింది. ఆ మాట ఆ క్షణంలో ఎలా చెప్పాలి? "బాగానే ఉందమ్మా," అన్నాను గొణుగుతున్నట్టు.

"అదేంటన్నయ్యగారూ, గట్టిగా చెప్పండి. ఒక్కరికైనా పనిచేస్తోందంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

అప్పుడు గట్టిగానే చెప్పాను. ఆవిడ నా భార్య చేయి పట్టుకుని, "ప్రభువుకు స్తోత్రం," అన్నారు. నేను మంచినీళ్ళ కోసమన్నట్టు పక్కకు వెళ్ళి, కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాను. ఇద్దరికీ ఒకే మాత్ర. ఒకే రోజుల్లో మొదలుపెట్టాం. నాకున్న అర్హత ఏమిటి, ఆవిడ చేసిన తప్పేమిటి? ఒక ప్రోటీన్ మడతలో ఎక్కడో చిన్న మార్పు. అంతకుమించి ఏమీ లేదు.

కొత్త మందు ఆవిణ్ణి బాగా ఇబ్బందిపెట్టింది. అరిచేతులు, అరికాళ్ళు ఎర్రబడి, పొక్కి, పొరలు ఊడేవి. సుద్దముక్క పట్టుకుంటే చేయి మండేది. కొన్నాళ్ళకు నల్లటి జుట్టు కుదుళ్ళ దగ్గర్నుంచి తెల్లగా రాసాగింది. మందు రంగును ఆపే చోటు మారిందంతే, చర్మం నుంచి జుట్టుకు. మా ఆవిడ బీసెంట్ రోడ్డంతా తిరిగి దూదిలా మెత్తగా ఉండే చెప్పులు కొని పట్టుకెళ్ళింది. ఆరోజు మేం వెళ్ళేసరికి టీచరుగారు వరండాలో ముగ్గురు పదోతరగతి పిల్లలకు లెక్కలు చెప్తున్నారు. సుద్దముక్కకు మెత్తటి గుడ్డ చుట్టి పట్టుకున్నారు.

"సెలవు పెట్టొచ్చు కదమ్మా," అన్నాను.

"పెట్టి ఏం చెయ్యనండీ, కాళ్ళు చూసుకుంటూ కూర్చోనా? వాళ్ళకి త్రికోణమితి రాదు, నాకు నడవడం రాదు. అందరం కూర్చునే చేసుకుంటున్నాం," అని నవ్వారు.

డాక్టరమ్మ మోతాదు తగ్గించి, మధ్యమధ్యలో విరామాలిచ్చింది. ఆ తర్వాత తీసిన స్కానింగుల్లో ఆ మచ్చ పెరగలేదు. తగ్గనూ లేదు. "ఆగింది కదా, అది చాలు," అన్నారు టీచరుగారు.

నా విషయానికొస్తే, కొన్నేళ్ళపాటు జాడ కనిపించకపోవడంతో ఒకరోజు డాక్టరమ్మ, "మందు ఆపి చూద్దామా?" అంది. కొందరికి ఆపినా జబ్బు తిరిగి రాదట. కొందరికి వస్తుందట. వచ్చినా మళ్ళీ అదే మాత్రతో లొంగుతుందట. నెలనెలా పరీక్ష మాత్రం తప్పకూడదు. ఈ మాట వింటే ఎగిరి గంతేయాలి. నాకు భయమేసింది. ఇన్నేళ్ళూ ఆ మాత్రే నన్ను నిలబెట్టిందనుకున్నాను. మా ఆవిడైతే, "బాగున్నదాన్ని కదిలించడమెందుకు? నేనొప్పుకోను," అని తేల్చేసింది.

గుణదల వెళ్ళి టీచరుగారినడిగాను. ఆవిడ టీ తెచ్చి నా ముందు పెట్టి, "నేను ఆపుదామన్నా నాకా వీలు లేదు. మీకుంది. వస్తే మళ్ళీ వేసుకుంటారు, అంతే కదా. వదినగారితో నేను మాట్లాడతాను," అన్నారు. ఫోన్లో ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. సాయంత్రానికి మా ఆవిడ, "సరే, కానీ పరీక్ష ఒక్కటి తప్పినా మళ్ళీ నా చేత్తో మింగిస్తా," అంది.

ఆపేశాను. మొదట్లో కీళ్ళన్నీ నొప్పులు. మాత్ర మానేశాక కొందరికి అలా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అవి తగ్గాయి. కళ్ళ కింద వాపు పోయింది. చేపల పులుసు మళ్ళీ రుచిగా తగిలింది. నెలలు గడుస్తున్నకొద్దీ నాలో చిన్న గర్వం కూడా మొదలైంది. అది వర్షాకాలం దాటి చలి మొదలయ్యేవరకు ఉంది. ఆ నెల రిపోర్టులో జాడ కనిపించింది. ఆ పై నెలకు ఇంకొంచెం పెరిగింది.

"మళ్ళీ మొదలుపెడదాం," అంది డాక్టరమ్మ మెల్లగా. నేను కుప్పకూలిపోతానని భయపడినట్టుంది. విచిత్రంగా నాకేమీ కాలేదు. లోపల ఏదో సర్దుకున్నట్టే అనిపించింది. ఆ జబ్బు నాలోంచి పోలేదు. ఊరికే కూర్చుంది. నేనూ దాన్ని అలా కూర్చోబెట్టి ఉంచగలను. టీచరుగారికి ఫోన్ చేసి చెప్పాను.

"పోన్లెండి. మళ్ళీ మా లైన్లోకే వచ్చారు," అన్నారు.

మూడు నెలలకే అంకెలు మళ్ళీ దిగాయి.

ఈ ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకు రమ్మని టీచరుగారు పిలిస్తే నేనూ, నా భార్యా వెళ్ళాం. గుణదల దారులన్నీ జనం. కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, మైకుల్లో పాటలు. కొండ పైదాకా ఎక్కాలని ఆవిడ కోరిక. అరికాళ్ళ సంగతి గుర్తుచేస్తే, "ఎక్కినంతవరకే," అన్నారు. వాళ్ళాయన ఒక పక్క, మా ఆవిడ ఇంకో పక్క పట్టుకున్నారు. నేను నీళ్ళ సీసా మోశాను. సగం దాటాక టీచరుగారు ఓ రాతి గట్టు మీద కూర్చుండిపోయారు. చెప్పులు విప్పి కాళ్ళు చాచారు. పైకి వెళ్ళేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని వెళ్తున్నారు. కింద రైలొకటి విజయవాడ వైపు నెమ్మదిగా పోతోంది. అది ఏ బండో, ఎంత ఆలస్యంగా నడుస్తోందో వాళ్ళాయన చెప్పడం మొదలుపెట్టారు.

"మీరిద్దరూ పైకెళ్ళి రండి వదినగారూ, నా పేరున ఓ కొవ్వొత్తి వెలిగించండి. అన్నయ్యగారు నాకు తోడుంటారు," అన్నారు టీచరుగారు.

వాళ్ళు మెట్లెక్కి జనంలో కలిసిపోయారు. మేమిద్దరం అక్కడే కొండగాలికి కూర్చుని, ఆవిడ స్కూల్లో ఈసారి పదోతరగతి ఎలా ఉందో మాట్లాడుకున్నాం.