ఎర్‌ఫుర్ట్‌లో ఒక జత కార్బన్ బ్రష్‌ల కోసం

జర్మనీలోని ఇల్మెనౌలో మా ఫ్లాట్ గోడకు అల్మారా బిగిస్తుండగా, పై అంతస్తులో ఉండే క్లాస్ గారిని అడిగి తెచ్చిన డ్రిల్లింగ్ మిషన్ నా చేతిలోనే ఆగిపోయింది. "పాతదే కదా, పారేయండి" అన్నారాయన. ఆ మాట అంటూనే దాని పిడి మీద దుమ్మును అరచేత్తో తుడిచారు.

"కొత్తది కొనిద్దాం తియ్యి. దీని కోసం శనివారమంతా తిరుగుతవా?" అంది నా రూమ్మేట్ లావణ్య.

"ముప్పయ్యేండ్ల సంది వాడుతున్నడు. కొత్తది ఇస్తే ఆయనకు ఏం మంచిగనిపిస్తది?" అన్నాను.

ప్లగ్ తీసి, మిషన్ విప్పి చూశాను. మోటారుకు కరెంటు అందించే రెండు కార్బన్ బ్రష్‌లు అరిగి గోరంత మిగిలాయి. మిగతాదంతా బాగానే ఉంది. కానీ దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఆన్‌లైన్‌లో ఆ మోడల్ పేరే రాలేదు. ఎర్‌ఫుర్ట్‌లో పాత పనిముట్లు బాగుచేసే షాపు ఒకటుందని, శనివారం ఒంటిగంటకే మూసేస్తారని తెలిసింది. మిషన్‌ను సంచిలో పెట్టుకుని ఉదయం ఎనిమిది దాటాక రైలెక్కితే గంటలో చేరాను. స్టూడెంట్ పాస్ ఉంది కాబట్టి టికెట్ ఖర్చు లేదు. స్టేషన్ నుంచి ట్రామ్‌లో పది నిమిషాలు.

కౌంటర్ వెనక పెద్దాయన నా బ్రష్‌లు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈ సైజు ఇప్పుడు రాదు. మిషన్ ఎవరు విప్పారు?"

"నేనే. కొంచెం పెద్దవి ఉంటే ఇవ్వండి, అరగదీసుకుంటాను."

నమ్మకం లేకుండానే ఒక డబ్బా నా ముందుకు జరిపాడు. మందం కొలిచే వెర్నియర్‌తో ఒక్కొక్కటీ కొలిచాను. పొడవు సరిపోయి, మందం అర మిల్లీమీటరు ఎక్కువున్న జత దొరికింది. ఆరు యూరోలు. గరుకుగా ఉండే ఎమరీ పేపర్ అడిగి తీసుకుని, అక్కడి బల్ల మీద పరిచి, కొద్దికొద్దిగా రుద్దుతూ, మిషన్‌లో బ్రష్ కూర్చునే గూట్లో పెట్టి చూస్తూ గంట గడిపాను. బిగువైతే ఇరుక్కుంటుంది, వదులైతే నిప్పురవ్వలు లేస్తాయి. చివరికి రెండు బ్రష్‌లూ వాటంతట అవే గూళ్లలోకి జారాయి. అక్కడే ప్లగ్ పెట్టి స్విచ్ నొక్కగానే మోటారు తిరిగింది. పెద్దాయన తల వంచి ఆ చప్పుడు విన్నాడు.

"ఏ యూనివర్సిటీలో నేర్చుకున్నారు?"

"జగిత్యాలలో, మా అమ్మ మోటార్ వైండింగ్ షాపులో."

ఆయన లోపలి నుంచి మరో మెకానిక్‌ను పిలిచి నా పని చూపించాడు.

మూడింటికల్లా ఇల్లు చేరాను. మా గోడకు మిగిలిన రెండు రంధ్రాలూ క్లాస్ గారే వేశారు.

జర్మనీ వచ్చినప్పటి నుంచి నా గురించి ఎవరడిగినా మార్కుల జాబితాలే చూపించేదాన్ని. ఆ రోజు మొదటిసారి అమ్మ షాపు పేరు ఎత్తాను, గొంతు తగ్గించకుండా. ఇలాంటి పనికి బయలుదేరేవాళ్లు అరిగిన భాగాన్నే జేబులో వేసుకెళ్లండి. ఫోటోలో మందం తెలియదు.