మునివెంకటమ్మ మడమలు

చందాపుర దగ్గరి చెరువు కట్ట మీద మునివెంకటమ్మ ఏనాడూ చెప్పులేసుకుని నడవదు. పొద్దున్నే వాకింగుకొచ్చేవాళ్లు అది భక్తి అనుకుంటారు. ఆమె మాత్రం మడమలతో నేలను తడుముతూ, మెత్తగా దిగినచోట ఆగి, ఒక పుల్ల గుచ్చుతుంది. అక్కడ కింద పందికొక్కు తవ్విన బొరియ ఉన్నట్టే. దాన్ని కొసదాకా తవ్వి, తడిపిన బంకమట్టి కూరి, గట్టిపడేదాకా తొక్కుతుంది. నలభై ఏళ్లుగా ఆమెకు ఇదే పని. ఈసారి కట్ట మీద వాకింగ్ ట్రాక్ వేస్తున్న కాంట్రాక్టరు మనుషులు బొరియల మూతులకు సిమెంటు పూసి, పైన టైల్సు పరిచేశారు. ఆ సాయంత్రమే ఆమె గడ్డపారతో మూడు టైల్సు, కింది సిమెంటుతో సహా పెకలించింది. సూపర్‌వైజరు దర్శన్ పరిగెత్తుకొచ్చాడు.

"రేపే ఓపెనింగ్ పెట్టుకోని ఇదేం పనమ్మా? నీ మీద కంప్లైంట్ రాస్తా."

"రాసుకోప్పా. ఒక వాకిలి మూస్తే కొక్కు ఇంకో వాకిలి తీస్తాది. లోపల కట్టంతా డొల్లగా ఉండాది. తెగితే కింద ఇండ్లుండాయి."

ఆమె బొరియలో భుజందాకా చెయ్యి దూర్చి, నీళ్లోడుతున్న బురద పిడికెడు తీసి, అతని అరచేతిలో పెట్టింది.

"దీన్ని కూడా రాయి" అని, నాలుగో టైలు కింద గడ్డపార దూర్చింది.