ఓడలో నేను విప్పిన రజాయి

పరుపులు అమ్మి ఓడ ఎక్కిన వాళ్ళు మా రెండు వంశాల్లోనూ మేమే మొదలు. ఆ ఓడకి పన్నెండు అంతస్తులు, లోపల లిఫ్టులు, ఈతకొలను, నాలుగు హోటళ్ళు. డిసెంబరు నెలలో ఎముకలు కొరికే చలిలో జర్మనీలో ఎక్కించుకుని నార్వే, డెన్మార్కు రేవులన్నీ తిప్పి మళ్ళీ జర్మనీలో దించింది. టిక్కెట్టు మాది కాదు. మా కొట్లో ఫోమ్ పరుపులు పెట్టించిన కంపెనీ, బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా తీసుకెళ్ళింది. చలికాలంలో ఆ సముద్రాల మీద తిరిగేవాళ్ళు తక్కువ కాబట్టి చవగ్గా వస్తుందట. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని మనవాళ్ళ మీద ఒక మాట ఉంది కదా, మేమూ అలాగే మంకీ క్యాపులు కొనుక్కుని బయల్దేరాం.

మా కొట్టు చిలకలూరిపేటలో. మేము దూదేకుల సాయిబులం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా మామగారు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని మార్టూరు దాకా ఊరూరూ తిరిగేవాడు. వాకిట్లో కూర్చుని పాత పరుపు విప్పి, గడ్డలు కట్టిన దూదిని ఏకి, పొంగించి, మళ్ళీ కుట్టి ఇచ్చి వచ్చేవాడు. మా ఆయన మీసాలు రాకముందే ఆ విల్లు పట్టాడు. నేను కాపురానికి వచ్చేసరికి కరెంటుతో నడిచే మిషను వచ్చింది. ఇప్పుడు కొట్టు ముందు భాగంలో అద్దాల వెనక ఫోమ్ పరుపులు, వెనక గదిలో మిషను, దాని పక్కన నేను. ఏకిన దూదిని గుడ్డలో నింపి, కర్రతో కొట్టి సమంగా సర్ది, దబ్బనంతో కుట్లు వేయడం నా పని. ముప్పై ఏళ్ళలో నేను కుట్టిన పరుపు గుంట పడిందని ఒక్కరూ వెనక్కి తేలేదు. ఏళ్ళు గడిచాక తెచ్చేవాళ్ళు తెచ్చేది మళ్ళీ ఏకించుకోవడానికే. గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే, ఉన్న మాటే.

ఆ వెనక గదికే ఎసరు వచ్చింది. కొట్టు మొత్తం తమ సరుకుతో నింపితే జిల్లాకంతా డిస్ట్రిబ్యూటరుగా మమ్మల్నే పెడతామని కంపెనీ వాళ్ళన్నారు. షరతు ఒకటే. దూది అనేది కొట్లో కనిపించకూడదు. మిషను తీసేయాలి. ఓడ దిగే ముందు రోజు, అందరి ముందూ సంతకాలు. మా ఆయన కొట్టు రబ్బరు స్టాంపు కూడా పెట్టెలో సర్దుకున్నాడు. అంటే పేటలో బస్సెక్కేటప్పటికే సంతకం పెట్టేసినట్టే లెక్క. ఆ గదిలో పనిచేసే మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు. మిషను పోతే నేనేం చేయాలి? ఏసీలో కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళకి కూల్‌డ్రింకులు ఇవ్వాలా? నా ఒళ్ళు మండిపోయింది. మాడ్చుకున్న ముఖంతోనే విమానం ఎక్కాను.

మా గది ఓడలో ఆరో అంతస్తు. గుండ్రటి కిటికీ, కిటికీ నిండా బూడిదరంగు నీళ్ళు. మంచం మీద తెల్లటి రజాయి ఒకటి పరిచి ఉంది. ఎత్తి చూస్తే బరువే లేదు. కప్పుకుంటే రెండు నిమిషాల్లో ఒళ్ళంతా వెచ్చబడింది. అంత పలచటి రజాయిలో అంత వెచ్చదనం ఎలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు. బూరుగు దూదైనా అంత తేలిగ్గా ఉండదు. వేళ్ళతో నొక్కి చూశాను, చెవి దగ్గర పెట్టుకుని నలిపి చూశాను. మా ఆయన గుర్రు పెడుతున్నాడు. నాకు మాత్రం లోపలేముందో తెలియక నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున ఆయన టిఫిను తినడానికి కిందికి వెళ్ళగానే నా చిన్న కత్తెర తీశాను. మూల దగ్గర కుట్టు రెండు వేళ్ళు పట్టేంత విప్పాను. అంతే. అందులో ఉన్నది దూది కాదు, పక్షుల ఈకలు. ఈకలంటే కోడీకల్లా కాడలున్నవి కావు, కోడిపిల్ల ఒంటి మీద నూగు లాంటివి. గుప్పెడు తీసి అరచేతిలో పెట్టుకున్నానో లేదో, గోడలోంచి వచ్చే వేడిగాలికి మొత్తం లేచాయి. చెయ్యి అడ్డం పెడితే ఇంకాస్త లేచాయి. దూదైతే నా మాట వింటుంది. ఇది వినలేదు. సరిగ్గా అప్పుడే గది ఊడ్చే ఫిలిప్పీన్స్ అతను తలుపు తీశాడు. అతని కనుబొమ్మ మీద ఒక ఈక వాలింది. నన్ను చూశాడు, రజాయిని చూశాడు, గుడ్లు తేలేశాడు.

నేను అక్కడికక్కడే సూదీ దారం తీసి ఆ మూల కుట్టేశాను. వాళ్ళ కుట్టు కన్నా నా కుట్టే గట్టిది, అతనికి లాగి చూపించాను. పాపం అతను తలూపాడు గానీ, తన ఉద్యోగం తను చేయాలి కదా, పైవాళ్ళకి చెప్పాడు. పైవాళ్ళు మా కంపెనీ మేనేజరుకి చెప్పారు. ఆయన హైదరాబాదు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"మేడమ్, ఓడవాళ్ళు కంప్లయింటు ఇచ్చారండి. ఏదైనా ప్రాబ్లమ్ ఉంటే మాకు చెప్పాలి గానీ..." అని నసిగాడు.

"ప్రాబ్లమేం లేదండీ. లోపలేముందో చూశాను," అన్నాను.

మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. "నీకెందుకే? కందకు లేని దురద కత్తిపీటకా? పదిమందిలో నా పరువు తీశావు."

"దూది ఏకేవాళ్ళకి పక్కలో ఏముందో చూడాలనిపించకపోతే ఇంకెవరికనిపిస్తుందయ్యా?"

"ఏకేవాళ్ళం, ఏకేవాళ్ళం! ఎన్నాళ్ళు చెప్పుకుంటావే ఆ మాట?"

ఆ మాట నాకు సూదిలా దిగింది. ఈయనకి తండ్రి పని అంటే సిగ్గు పట్టుకుందన్నమాట అనుకున్నాను. ఫోమ్ అమ్మి, సూటు వేసుకుని ఫొటో దిగేసరికి విల్లు మోసిన భుజం నామోషీ అయిపోయిందన్నమాట. తక్కిన డీలర్ల భార్యలు భోజనాల దగ్గర నన్ను చూసి ముసిముసిగా నవ్వారు. నవ్వుకోనీ. వాళ్ళు అమ్మే పరుపుల్లో ఏముందో వాళ్ళకి తెలియదు.

తర్వాత మూడు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. బెర్గెన్‌లో వాన. ఒకే గొడుగు కింద నడుస్తూ కూడా మాట్లాడుకోకుండా ఉండటం ఎంత కష్టమో అక్కడ తెలిసింది. కొండల మీద రంగురంగుల చెక్క ఇళ్ళు, మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు. చేపల బజారులో ఇంతింత చేపలు మంచులో పడుకోబెట్టారు. మా ఆయన ఒక చేప దగ్గర ఆగి నా వైపు తిరిగాడు, ఏదో అనబోయి మళ్ళీ మింగేశాడు. కోపెన్‌హాగన్‌లో గాలికి నా మంకీ క్యాపు ఎగిరిపోతే పరిగెత్తి పట్టుకొచ్చి చేతికిచ్చాడు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు. నా పంతం అలాంటిది.

మేం దిగాల్సిన రేవుకి ముందు ఆఖరి మజిలీ కీల్, అదీ జర్మనీలోనే. అందరూ పెద్ద షాపులకి చాక్లెట్ల కోసం వెళ్ళారు. మేమిద్దరం మాట్లాడుకోము కాబట్టి ఎటు వెళ్దామని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆయన నడిచాడు, నేను నాలుగు అడుగులు వెనక నడిచాను. సన్నటి వీధిలోకి తిరిగాక ఆయన ఉన్నట్టుండి ఒక అద్దం ముందు ఆగిపోయాడు. కదలడేం అని నేనూ వెళ్ళి చూశాను.

అద్దం వెనక బీరువా అంత మిషను. దానికీ ఒక గాజు కిటికీ ఉంది. లోపల తెల్లటి ఈకలు సుడి తిరుగుతున్నాయి. ఎదురుగా కుర్చీలో ఒక పెద్దావిడ కోటు కూడా విప్పకుండా కూర్చుని ఆ ఈకలనే చూస్తోంది. ఆవిడ కాళ్ళ దగ్గర పాత రజాయి గలీబు ఖాళీగా పడి ఉంది. చెప్పేవాళ్ళు అక్కర్లేకపోయింది. మా వాకిట్లో పరుపు విప్పించుకుని, తన దూది ఎక్కడ ఎవరి దూదిలో కలిసిపోతుందోనని కళ్ళార్పకుండా కాపలా కూర్చునే ఆడవాళ్ళని నేను ఎంతమందిని చూశానో.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను, ఆయనా వెనకే వచ్చాడు. కొట్టు నడిపే ఆవిడ నా వయసుదే ఉంటుంది. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంది, మిషను పైన పెద్ద గొట్టం దుమ్మంతా బయటికి లాగేస్తోంది. నేను నా చేతుల్తో ఏకడం, నింపడం, కుట్టడం చేసి చూపించాను. ఆవిడకి ఒక్క క్షణం పట్టింది, తర్వాత పకపకా నవ్వి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. శుభ్రమైన ఈకల సంచీలో నా చేతిని మోచేతి దాకా ముంచింది. కుర్చీలో పెద్దావిడ తన ఫోను తీసి, సైగలతో మా భాషేదో కనుక్కుని, జర్మన్‌లో ఏదో చెప్పి మా ముందు పెట్టింది. తెలుగులో అక్షరాలు పడ్డాయి. ఇది మా అమ్మ పెళ్ళినాటి రజాయి, మూడోసారి శుభ్రం చేయిస్తున్నాను, తర్వాత మా మనవరాలికి ఇస్తాను, అని.

మా ఆయన ఆ అక్షరాలు రెండుసార్లు చదివాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి తనూ ఆ సంచీలో చెయ్యి పెట్టాడు. వేళ్ళ మధ్య నలిపాడు, పైకి తీసి వెలుతురులో పట్టి చూశాడు. దూది కొనేటప్పుడు పోగు లాగి చూస్తాడే, అచ్చం ఆ చూపే. ఆ చూపు చూసి నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడే మనిషి అలా చూడడు.

బయటికి రాగానే అడిగేశాను. "ఏమయ్యా, నిజం చెప్పు. మిషను ఎందుకు తీసేద్దామనుకున్నావు?"

ఆయన రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "నీ దగ్గుకి."

చలికాలం వస్తే నాకు దగ్గు. పదేళ్ళుగా ఉన్నదే. పోయినేడు గుంటూరులో పెద్ద డాక్టరుకి చూపించుకున్నాం. నన్ను బయట కూర్చోమని ఆయనతో విడిగా మాట్లాడితే, ఫీజు సంగతి కాబోలనుకున్నాను. కాదట. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతోంది, ఆ గదికి దూరంగా ఉంచండి అన్నాడట.

"నువ్వు మానమంటే మానవు. మిషనే లేకపోతే చచ్చినట్టు మానతావనుకున్నా," అన్నాడు. "అమ్మానాన్నా అందరూ ఆ దగ్గుతోనే పోయారే. నువ్వు కూడానా?"

నాకు కోపం, జాలి, ప్రేమ అన్నీ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు చెప్పాలో తెలియక కోపమే చెప్పాను. "నా ఊపిరితిత్తుల సంగతి నాకు చెప్పకుండా కంపెనీవాళ్ళకి రాసిస్తావా? చూశావుగా ఆవిణ్ణి. గుడ్డ కట్టుకుంది, గొట్టం పెట్టుకుంది, పని చేసుకుంటోంది. మనకి ముప్పై ఏళ్ళలో ఒక్క ఫ్యాను పెట్టించాలని తోచిందా? మిషను పెరట్లో రేకుల షెడ్డులోకి మార్చు. దానిమీద ఇంకో మనిషిని పెట్టు, వాడికీ ముక్కుకి గుడ్డ కట్టించు. నేను కుట్టుపని చూసుకుంటా. మళ్ళీ డాక్టరు దగ్గరికి పోదాం, ఈసారి నేనూ లోపలే కూర్చుంటా."

ఆయన ఓడ వైపు నడిచాడు. ఈసారి నేను నాలుగు అడుగులు వెనక లేను, పక్కనే ఉన్నాను.

మర్నాడు టీ తర్వాత మీటింగు హాల్లో అందరం కూర్చున్నాం. మేనేజరు ఒక్కొక్కరినీ పిలిచి శాలువా కప్పుతున్నాడు. మా వంతు వచ్చింది. కాగితాలు బల్ల మీద పరిచి, ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో గుర్తులు పెట్టి ఉంచారు. మా ఆయన పెన్ను తీశాడు. పెడితే పెడతాడు, పెట్టాక మాత్రం నేనేం చేయగలను అనుకున్నాను.

ఆయన పెన్ను కాగితం మీద ఆనించకుండా మేనేజరుని అడిగాడు. "సార్, మీ పరుపు పదేళ్ళకి దిగబడిపోతే ఏం చేయాలండీ?"

"పారేసి కొత్తది కొనుక్కుంటారండి. మన బిజినెస్సే అది కదా," అని మేనేజరు నవ్వాడు. హాలంతా నవ్వింది.

మా ఆయన నవ్వలేదు. పెన్ను నా చేతిలో పెట్టాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మా నాన్న అడగలేదు, మా మామగారు అడగలేదు, ఈయనా ఇంతకాలం అడగలేదు. అంతమంది ముందు నా వైపు తిరిగి, "ఆ గది నీది. నువ్వు చెప్పు," అన్నాడు.

"వద్దు," అన్నాను.

మేనేజరు కంగారుపడ్డాడు. "మేడమ్, తొందరపడకండి. ఇంత మంచి ఆఫరు మళ్ళీ రాదు. బాగా ఆలోచించుకుని చెప్పండి."

"ముప్పై ఏళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నానండీ," అన్నాను. "అడిగినవాళ్ళే లేరు."