ఎన్ని దినాల యాది

తొర్రూరులో సీసీ కెమెరాలు బిగించే ఆయన ధర కంటే ముందు ఒకే మాట అడిగేవాడు: "గిది ఎన్ని దినాలు యాదుంచుకోవాలె అన్నా?" దాన్నిబట్టే హార్డ్‌డిస్కు ఎంచేవాడు. మా విత్తనాల దుకాణానికి పాత కంప్యూటర్‌లోది చాలదా అన్నాను. "రాత్రిపగలు రాయాల్నంటే గది అలిసిపోతది" అన్నాడు. కొత్తదే పెట్టించి, నెల రోజులు చాలన్నాను.

తర్వాత ఆ దుకాణంలోనే తమ్ముడు నామీద చేయి చేసుకున్నాడు. నలభై రోజులకు పెద్దమనుషుల్లో పంచాయితీకి రోజు ఖాయం చేయించాను. సాక్ష్యానికి ఆ వీడియో కావాలని కెమెరాల ఆయన్ను పిలిపించాను. తెర మీద తేదీలు వెనక్కి జరిపి చూసి, మౌస్ పక్కన పెట్టాడు.

"నెలన్నవు గద అన్నా. కెమెరా డబ్బా ఎన్నడో మర్చిపోయింది. ఇగ నువ్వెందుకు యాదుంచుకుంటున్నవ్?"

పంచాయితీకి తమ్ముడి బండెక్కే పోయాను.