కరుణమ్మగారూ, బందరు మొగలో ఇసుకా

సీసపు గుండు అడుగున కొవ్వు పూసి, తాడు కట్టి సముద్రంలోకి దించుతాం. అది నేలకు తగిలాక పైకి లాగితే అడుగున ఉన్నదేదో ఆ కొవ్వుకు అంటుకుని వస్తుంది. ఇవాళ పొద్దున నల్లటి మెత్తని ఒండ్రు వచ్చింది. వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. ఎండాకాలం మా నూజివీడు దగ్గర చెరువులు ఎండిపోయి, కట్ట పక్కన బురద నెర్రెలు విచ్చేటప్పుడు వచ్చే వాసన. పడవ నడిపే ఆయన నన్ను చూసి, "ఏంటండీ, పులుసులో ఉప్పు చూసినట్టు చూస్తున్నారు?" అని నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. మట్టిని అలా చేతిలోకి తీసుకుని చూడటం నాకు నేర్పిన మనిషి ఈ వేసవిలోనే వెళ్ళిపోయారు.

కరుణమ్మగారు మా పల్లె మిషను బడిలో పంతులమ్మ. పుట్టింది బందరులో. పెళ్ళి చేసుకోలేదు. అంచు లేని తెల్లచీర, చెవికి దారంతో కట్టుకున్న కళ్ళజోడు. మబ్బు పట్టిన రోజున కూడా గొడుగు తెరిచే నడిచేవారు. మా అమ్మా నాన్నా మామిడి తోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. కోతలు అయిపోయాక, వానలు పడే లోపు, ఎండిన చెరువులో మట్టి తవ్వి బండ్లకెత్తే పని ఉండేది. ఆ మట్టి పొలాలకు బలం. ఒక ఏడాది కరుణమ్మగారు మా క్లాసు పిల్లలందరినీ ఆ చెరువులోకి దించారు.

"ఏంటమ్మగారూ, పిల్లల్ని కూడా మట్టి పనికి దించారా?" అన్నాడు మా నాన్న పార ఆనించి.

"దించానయ్యా. నీ కొడుక్కి నీకంటే ఎక్కువ కూలి పడుతుందేమో చూద్దాం."

వాగు వచ్చి చెరువులో పడే చోట అన్నీ గులకరాళ్ళు. కొంచెం ముందుకు నడిస్తే ఇసుక. కట్ట దాకా వెళ్తే వెన్నలాంటి ఒండ్రు. మా చేత మూడు చోట్లా గుప్పెడేసి తీయించి, రాళ్ళను వాగు మొదట్లోనే ఎందుకు వదిలేసిందని అడిగారు. అందరూ దిక్కులు చూశారు. నేను మాత్రం, "బరువెక్కువ కదండీ. మా నాన్న కూడా తట్ట మరీ బరువైతే బండి దాకా రాకుండా మధ్యలోనే దించేస్తాడు" అన్నాను.

"ఒరే, నా పరువు తీయకురా!" అని నాన్న అరిచాడు. అక్కడున్న కూలీలందరూ నవ్వారు. కరుణమ్మగారు నవ్వకుండా నా వైపు చూశారు. "అదేరా. జోరు తగ్గేకొద్దీ నీళ్ళు ముందు రాయి, తర్వాత ఇసుక, ఆఖరికి ఒండ్రు దించుకుంటాయి. సముద్రం దగ్గరా ఇదే లెక్క. కాకపోతే అక్కడ ఏరు దించిన బరువుని ఇంకో ప్రవాహం వచ్చి అందుకుంటుంది" అన్నారు. మా చెరువు మట్టికీ సముద్రానికీ చుట్టరికం ఉందని ఆ పూట తెలిసింది. ఇంటికి వెళ్ళి అమ్మకి చెబితే, "చుట్టరికాలు తర్వాత, ముందు కాళ్ళు కడుక్కో" అంది.

తర్వాత రెండేళ్ళకి, పాఠంలో రేవు పట్టణాల పేర్లు వచ్చినప్పుడు, బందరుకి పెద్ద ఓడలు ఎందుకు రావడం లేదని అడిగాను. ఆవిడ సుద్దముక్క కింద పెట్టేశారు. సాయంత్రం తోటల గట్టు వెంట ఇంటికి నడుస్తూ ఆవిడే మాట ఎత్తారు.

"మా నాన్న బందరులో సరంగురా."

సరంగు అంటే సరుకు పడవ నడిపించే పెద్ద. ఓడలు ఒడ్డు దాకా రాలేక దూరంగా లంగరు వేసేవి. వాటి సరుకుని పడవల్లోకి దించుకుని మొగలో నుంచి, అంటే నీళ్ళు సముద్రంలో కలిసే చోటు నుంచి, లోపలికి తేవాలి. అక్కడ అడుగున ఇసుక మేటలు. వాటి మధ్య పడవకు సరిపడా లోతున్న దారి ఒక్కటే. పైకి కనపడదు. అందుకని సరంగులు ఒడ్డున ముందొకటి, వెనకొకటి ఉన్న రెండు తాడిచెట్లను గురుతు పెట్టుకునేవాళ్ళు. నీళ్ళ మీద నుంచి చూస్తే వెనక తాడి ముందు తాడి చాటుకి వచ్చేయాలి. రెండు తాళ్ళూ కలిశాయంటే పడవ దారిలో ఉన్నట్టే.

కరుణమ్మగారి చిన్నతనంలో, వరదలు తీసి గాలి మళ్ళే రోజుల్లో, వాళ్ళ నాన్న పడవ మొగలోనే ఇసుకకు కొట్టుకుని తిరగబడింది. పడవలో పనిచేసే ఒక కళాసీ మునిగిపోయాడు. సరంగు తాగి ఉన్నాడని ఊరంతా అన్నారు. ఆ కళాసీ భార్య చంకలో పిల్లతో వచ్చి వీళ్ళ గుమ్మంలో దుమ్మెత్తి పోసింది. మళ్ళీ ఆయనకి ఎవరూ పడవ ఇవ్వలేదు.

"తాగే అలవాటుందిరా, దాచను. ఆ రోజు తాగాడో లేదో నాకు తెలీదు. తాళ్ళు కలిశాయే తల్లీ, కలిశాకే లోపలికి తిప్పానే, అంటూనే పోయాడు" అన్నారు. కొంత దూరం నడిచాక, "నమ్మనా, మాననా? ఇంత వయసొచ్చినా తేలలేదు. పోయే లోపు అదొక్కటి తెలుసుకోవాలనుంది" అన్నారు.

వాల్తేరులో బి.ఎస్సీ.లో చేరతానన్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ మాటే. నాన్న మాత్రం తోటలో అందరి ముందూ, "మట్టి మోసి మోసి నా నడుం పడిపోయింది. వీడు మట్టి గురించి చదవడానికి వాల్తేరు పోతాడంట!" అన్నాడు. కరుణమ్మగారు, "నువ్వు మోసిందంతా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాడులేవయ్యా" అన్నారు. మా వంశంలో పట్టణం వెళ్ళి చదివిన మొదటివాణ్ణి నేనే.

అక్కడ నాకు కొత్త లోకం తెరుచుకుంది. నైరుతి గాలి వీచినన్నాళ్ళూ అలలు మన తీరం వెంట ఇసుకని ఉత్తరం వైపు తోస్తాయి. గాలి ఈశాన్యానికి మళ్ళితే ఒడ్డు పక్కన నడిచే ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. ఆ మళ్ళే రోజులకి కాస్త ముందే కృష్ణ వరద ఎక్కడెక్కడి మట్టినో తెచ్చి కుమ్మరిస్తుంది. ముతక ఇసుక మొగ చుట్టుపక్కలే మేట వేస్తుంది. మెత్తటి ఒండ్రు ఇంకా దూరం కొట్టుకుపోయి, ఒడ్డు నుంచి సముద్రం కిందికి అరుగులా సాగిన నేల మీద పొర మీద పొరగా పరుచుకుంటుంది. అరుగు అంచు దాటిన మట్టి వాలు మీదుగా అగాధంలోకి జారుతుంది. ఇదంతా వింటుంటే నాకు బెంచీ మీద కూర్చోబుద్ధయ్యేది కాదు. మొగ దగ్గర మేటలు రోజుల్లో జరగగలవు! తాళ్ళు ఒడ్డున ఎక్కడివక్కడే ఉంటాయి, వాటిని నమ్ముకున్న దారి మాత్రం నీళ్ళ కింద పక్కకి తప్పుకోగలదు! ఈ సంగతి ఉత్తరంలో రాయకుండా దాచుకున్నాను. ఎదురుగా చెప్పినప్పుడు ఆవిడ ముఖం చూడాలి.

పాసయ్యాను. హనుమాన్ జంక్షన్‌లో ఎక్కిన బొగ్గుతో నడిచే బస్సు నూజివీడు చేరేసరికి ముఖమంతా మసి. అమ్మ ఏడ్చింది. నాన్న తోటంతా తిరిగి, "మావాడు బియ్యే కాదంట, అంతకంటే పెద్దదంట" అని చాటాడు. నేను మసి ముఖంతోనే కరుణమ్మగారింటికి పరిగెత్తాను. గుండె జబ్బుతో కాళ్ళు వాచి, దిళ్ళకు చేరగిలబడి ఉన్నారు.

"పాసయ్యానండీ! ఇంకో మాట. మీ నాన్నగారి తప్పేం లేదండీ!"

గబగబా అంతా చెప్పేశాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. అయ్యాక కళ్ళు తెరిచి, "ఆ రోజు మేట జరిగిందని ఎవరన్నా కొలిచి చూశారా?" అన్నారు.

"లేదండీ. అప్పుడు కొలిచేవాళ్ళెవరు?"

"మరి తప్పు లేదని ఎలా అంటున్నావు?"

"జరిగే కాలమే కదండీ అది. మీరు నమ్మొచ్చండీ."

"నాకు నమ్మాలనే ఉందిరా. అందుకే భయం. నేను చచ్చిపోయేదాన్నని జాలిపడి తూకం ఎక్కువెయ్యకు." ఆయాసం తగ్గేదాకా ఆగారు. "ఆ మునిగిపోయిన మనిషికీ ఓ కూతురుంది. నాగమ్మ. నాకంటే కాస్త చిన్నది. బందరులో ఎండుచేపలు అమ్ముతుంది. నువ్వు నాకు చెప్పింది ఆమెకీ చెప్పాలి. నాన్న తాగుండొచ్చని కూడా చెప్పు. ఆమె ముందు నిలబడి ఎంత చెప్పగలవో అంతే నాకూ చెప్పు."

"దారి జరిగి ఉండటానికి వీలుందండీ. అంతవరకే చెప్పగలను" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "చాలురా. ఇన్నేళ్ళూ ఆ పాటి వీలైనా ఉందో లేదో తెలీకే బతికాను" అన్నారు. తర్వాత వారానికే పోయారు.

రేవు సర్వేలో పని దొరికి బందరు వచ్చాక, మొదటి ఆదివారమే నాగమ్మను వెతుక్కుంటూ వెళ్ళాను. గోనె మీద చేపలు తిరగేస్తూ విన్నది. నన్ను కూర్చోమనలేదు.

"అంటే ఏంటంటావు? సరంగు తప్పు కాదనా?"

"తెలీదమ్మా. దారి జరిగి ఉండొచ్చు. ఆయన తాగైనా ఉండొచ్చు."

"ఇంత చదువూ చదివి, తెలీదని చెప్పడానికా వచ్చావు?"

"అవునమ్మా. కరుణమ్మగారు అలాగే చెప్పి రమ్మన్నారు."

ఆమె చేతులు ఆగాయి. "తాగుండొచ్చన్న మాట కూడానా? ఆవిడే చెప్పమందా?"

"ఆవిడేనమ్మా."

"సొంత అయ్య గురించి!" నాగమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మా అమ్మ పోయేదాకా వాళ్ళని తిట్టింది. తర్వాత నేను అందుకున్నాను. ఇంక తిట్టను బాబూ. ఆయన తప్పు లేదని కాదు. అటువంటి కూతుర్ని కన్నాడని." అప్పుడు గోనె కాస్త జరిపి, కూర్చోమంది.

కొత్త సంగతి ఏది తెలిసినా ఇప్పటికీ నాకు కాలు నిలవదు. పరిగెత్తుకెళ్ళి ఎవరికో ఒకరికి చెప్పేయాలనిపిస్తుంది. పరిగెత్తుతాను కూడా. కాకపోతే ఆ గుమ్మం ఎక్కే ముందు ఒక్కసారి ఆగి, ఇదే మాట వినవలసిన రెండో మనిషి ఎక్కడున్నారో ఆలోచిస్తాను.