కండువా చేతికి చుట్టుకుంటే

ఆయన జడ్పీటీసీకి, నేను ఎంపీటీసీకి ఒకే పార్టీ తరఫున నిలబడ్డాం. ఒకే జీపులో తిరిగి, ఒక ఓటు ఆయనకు, ఒక ఓటు నాకు అడిగేవాళ్లం. నాకు వరసకు మామ. మెడలో కండువా తీసి చేతికి చుట్టుకున్నాడంటే నాకు భయం. ఇక ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు.

గొర్రెల కాపరుల పల్లెలో మా ఇద్దరికీ గొంగళ్లు కప్పారు. "కుళాయి నీళ్లు ఎప్పుడిప్పిస్తావు నాయనా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

కండువా చేతికి చుట్టుకున్నాడు. వెనక నుంచి చొక్కా లాగాను. ఆగలేదు.

"ఈ ఏడు రావు పెద్దమ్మా. వస్తాయని ఎవడన్నా చెప్తే నమ్మొద్దు." నన్ను చూపించి, "ఈ పిల్లకు ఏమీ తెలీదు. దొంగతనం గూడా తెలీదు" అన్నాడు.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. జీపెక్కగానే మామను నిలదీశాను.

"ఇద్దర్నీ ముంచినావు మామా."

"నిన్ను ముంచలేదులేమ్మా" అన్నాడు.

ఆయన ఓడిపోయాడు. నేను గెలిచాను. "మొహం మీద అట్ల చెప్పే మనిషి, ఆ పిల్ల గురించి అబద్ధమెందుకు చెప్తాడు" అందట ముసలమ్మ.

నిన్న ఆమె మా ఇంటికొచ్చి మళ్లీ నీళ్ల సంగతే అడిగింది. అలవాటుగా పక్కకు చూశాను. మామ లేడు. పైటకొంగు చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాను.